పదకొండు కొర్రీలు

ఉప్పు పేరుతో లోపలికి వెళ్లి చక్కెర రాసుకున్నది చదవబోవడం ఆమె ప్రతి పరీక్షలోనూ చేసే పని. ఉప్పు, చక్కెర ఆమె కల్పించుకున్న ఇద్దరు రచయితలు. చక్కెర పేరుతో ఒక ఉత్తరం రాసి, ప్రచురించకుండా చిత్తుప్రతిగా దాచింది. తర్వాత ఉప్పుగా మారి, తెర పైన కనిపించే పేజీ చిరునామా చివరి నలభై ఒకటిని నలభై రెండు చేసింది. చక్కెర ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా తెరుచుకుంది.

"ఇంకా అలాగే ఏడ్చింది," అంది పళ్లు కొరుకుతూ.

ఆఫీసులో ఆమెను కొర్రీలమ్మ అంటారు. బయట దొరికే సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ వాడుకునే ముందు దాన్ని విప్పి చూసి, తగునో తగదో రాసివ్వడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ప్రింటరు పక్కన అదే కుర్చీ. ఎడమ చేతిపిడి ఊడితే తనే దారం చుట్టి కట్టుకుంది. నడుము వెనుక మెత్త, మెడలో ఒక కళ్లజోడు, నెత్తిమీద ఇంకొకటి. బాగుంటే కట్టినవాడి గొప్ప, చెడితే చూసినదాని తప్పు. తనకంటూ ఆమె ఒక్క ప్రోగ్రామూ రాయలేదు. "దేవుడు ప్రత్యక్షమైనా ముందు ఆయన చేతిలో తప్పుల జాబితా పెడతావు," అని భర్త నవ్వుతుంటాడు.

ఇప్పుడామె ముందున్నది బ్లాగు నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఎవరో ఒకాయన ఒంటరిగా, వెబ్ ఫ్రేమ్‌వర్క్ అనే తయారు చట్రం మీద కట్టి, ఎవరైనా వాడుకోండని నలుగురిలో పెట్టాడు. ఫ్రేమ్‌వర్క్ తాళాలన్నీ తయారుగా ఇస్తుంది. వాటిని తలుపులకు బిగించుకోవడం కట్టేవాడి పని. చిత్తుప్రతుల తలుపుకు ఈయన తాళం బిగించలేదు.

ఇదే ఏ తోటపనివాళ్ల బ్లాగో అయితే ఆమెకింత మంట ఉండేది కాదు. ఇలాంటిది పెట్టివ్వమని కంపెనీని అడిగింది దెబ్బలు భరించలేక ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే ఆశ్రయం. వాళ్లు తమ కథలు రాస్తారు. ఊళ్లు, పేర్లు తీసేసి ప్రచురించడం ఆశ్రయం నడిపే పెద్దావిడ పని. అంటే తీయని పేర్లన్నీ చిత్తుప్రతుల్లోనే ఉంటాయి.

మూడు వారాల క్రితం ఆమె పదకొండు కొర్రీలు రాసి, ఆ సాఫ్ట్‌వేర్ ఫిర్యాదుల పేజీలో పెట్టింది. జవాబు లేదు. వారం తర్వాత ఇంకో ఉత్తరం. దానికీ లేదు. అయిదు రోజుల క్రితం అరికాలి మంట నెత్తికెక్కి మూడోది రాసింది: "నలుగురికీ వాడుకోమని ఇచ్చి, ఇప్పుడు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటే ఎలా? బాధ్యత లేనివాళ్లు ఇలాంటివి కట్టకూడదు."

పదకొండింటికి మేనేజరు వచ్చాడు. ఆమె కంటే పదిహేనేళ్లు చిన్నవాడు.

"మేడమ్, సోమవారానికి ఇస్తామని మాటిచ్చేశాం. మీరిలా కోడిగుడ్డు మీద ఈకలు పీకుతూ కూర్చుంటే ఎలా?"

"ఈకలు కాదు బాబూ, ప్రాణాలు."

"నంబర్లు మార్చి ఎవడు చూస్తాడండీ?"

"పెళ్లాన్ని వెతుక్కుంటూ తిరిగేవాడు చూస్తాడు."

అతను గడియారం చూసుకున్నాడు. "సాయంత్రంలోగా తగును అని రాసివ్వండి. లేదంటే ఆ సంతకం ఇంకొకరు పెడతారు."

మూడింటికి జవాబు వచ్చింది. ఆమె నెత్తిమీది కళ్లజోడు దించుకుని చదివింది.

"నేను ఆయన చెల్లెల్ని. అన్నయ్య పన్నెండు రోజుల కింద పోయాడు. గుండెపోటు. పగలు గిడ్డంగిలో గుమాస్తా పని చేసి, సాయంత్రాలు దీని ముందు కూర్చునేవాడు. మీ ఉత్తరాలు ఇవాళే చూశాను. ఆలస్యమైందని ఏమీ అనుకోకండి. ఫొటో ఒకటి పంపుతున్నాను, మీకు పనికొస్తుందేమో."

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మూడో ఉత్తరం వెళ్లేసరికి ఆయన పోయి వారం. పోయిన మనిషిని పట్టుకుని బాధ్యత లేదని నలుగురూ చూసేచోట తిట్టింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఫొటో తెరవడానికి చెయ్యి రాలేదు.

వెనకనుంచి మేనేజరు తెర మీదికి వంగి చదివాడు. "అయ్యో పాపం," అన్నాడు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే, "ఒకరకంగా మనకు మంచిదే మేడమ్. రేపు ఈ కొర్రీల సంగతి అడిగేవాడుండడు," అన్నాడు.

అంతవరకు తన మీద ఉన్న కోపమంతా ఒక్కసారి అటు తిరిగింది. ఆమె రిపోర్టులో 'తగదు' అని రాసి సంతకం చేసింది. కొనేవాళ్లతో నేరుగా మాట్లాడకూడదని కంపెనీ నియమం. అతను చూస్తుండగానే ఫోను తీసి పెద్దావిడకు చేసింది.

"అమ్మా, ఇది పెట్టుకోకండి. చిరునామాలో ఒక్క అంకె మారిస్తే మీవాళ్లు దాచుకున్నవన్నీ బయటివాళ్లు చదవొచ్చు."

"ఒక్క అంకె మారిస్తేనా?" అంది పెద్దావిడ. "మాకొద్దు తల్లీ. చెప్పావు, అదే చాలు."

మేనేజరు మొహం జేవురించింది. "సోమవారం నుంచి మీకీ కుర్చీ అవసరం లేదు."

"నీకూ సిగ్గు అవసరం లేదులే బాబూ," అంది ఆమె.

సంచిలో మెత్త పెట్టుకుంది. ఇరవై రెండేళ్లకు అదొక్కటే తనది. ప్రింటరు దగ్గర ఇద్దరు తలలు దించుకుని నిలబడ్డారు. కంప్యూటరు ఆపబోయి, ఆగి, ఆ ఫొటో తెరిచింది.

ఇరుకు బల్ల మీద మూసిన లాప్‌టాప్. పక్కన ఆమె పదకొండు కొర్రీలూ వరుసగా, గుమాస్తా గుండ్రటి దస్తూరీలో ఎత్తిరాసుకున్న కాగితం. ఏడు కొట్టేసి ఉన్నాయి, ఒక్కోదాని పక్కన పూర్తయిన తేదీ. ఎనిమిదోది చిత్తుప్రతుల తాళం. దాని మీద అడ్డంగా, మూత తీసి ఉన్న నీలం పెన్ను.