సువార్త ఇంటి బండలు

సుల్తానాబాద్‌లో సువార్త రోజూ పదకొండింటికి అన్నం గిన్నె పట్టుకుని వంటింట్లోంచి బయల్దేరేది. పావుగంట నడిచి, ఇంటి నడిమధ్య గిన్నె దించి వెనక్కి వచ్చేది. మిగతా సగం ఆమె భర్త ఏలియా ముందరి గదిలోంచి నడిచొచ్చి తీసుకునేవాడు. ఇల్లు అంత పొడవు. ఇరుగుపొరుగువాళ్లు సర్దుకుని చోటిచ్చారు. చుట్టాలైతే చెప్పులు విప్పకుండానే లోపలికి పోయేవాళ్లు, అంత దూరం ఉత్త కాళ్లతో ఎవరు నడుస్తారు?

ఆ ఇల్లు పెరగడం మొదలై తొమ్మిదేళ్లు. మూడేళ్ల కొడుకు సమూయేలుకు జ్వరం ముదిరిన రోజు ఇంట్లో ప్రార్థన కూటం నడుస్తోంది. ఏలియా సంఘ పెద్ద. "కూటం అయినంక దవాఖానకు పోదాం" అన్నాడు. అయ్యాకే పోయారు. పిల్లవాడు దక్కలేదు.

ఎందుకు ఆగావని సువార్త మొగుణ్ని ఒక్కసారీ అడగలేదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో కళ్లు మూసుకుని, "తండ్రీ, ఆలస్యం చేసినోళ్లను క్షమించు" అనేది. ఏలియా ఊరుకుంటాడా? "ప్రభువా, మనసుల పెట్టుకున్నోళ్లను క్షమించు" అనేవాడు. ప్రార్థన పేరుతో పోట్లాట అది. అలా ప్రార్థించిన ప్రతి సాయంత్రం నడవలో ఒక వరుస షాబాద్ బండలు పెరిగేవి. సువార్త వాటినీ శుభ్రంగా తుడిచేది. రానురాను ఒకరి గొంతు ఒకరికి మర్నాటికి, ఆ తర్వాత మూడోనాటికి గానీ వినబడేది కాదు. ఇద్దరికీ ఫోన్లున్నాయి. ఒకరి నంబరు ఒకరి దగ్గర లేదు.

నెల మొదటి ఆదివారం మాత్రం ఇద్దరూ చర్చికి వెళ్లి, ఎవరి వరుసలో వాళ్లు కూర్చుని, ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవాళ్లు. ఒకసారి పాస్టరు సువార్తను పక్కకు పిలిచాడు.

"సువార్తమ్మా, గా సంగతి ఏలియాను అడిగినవా?"

"దేవునికి చెప్తున్న కదా అయ్యగారూ."

"దేవునికి ఎన్నడో తెల్సు. మొగుణ్ని అడగాల్సింది మొగుణ్నే అడుగు బిడ్డా."

"ఆయనకు తెల్వదా? తెల్సే కూసున్నడు."

ఆ శుక్రవారం స్త్రీల కూటంలో ఆమె లేచి, "మా ఇంటాయన రాయి గుండె కరగాలని ప్రార్థన చేయుండ్రి" అని విన్నవించుకుంది. నలభై మంది ఆమెన్ అన్నారు. ఇల్లు ఒక్కనాడే ఫర్లాంగు పెరిగింది.

ఆ తర్వాతి బుధవారం దించిన గిన్నె, గురువారం వెళ్లేసరికి అలాగే ఉంది. సువార్త మిగతా సగం దూరం ఉరికింది. ఏలియా కుర్చీలో చల్లబడి ఉన్నాడు.

శుక్రవారం సమాధి చేసి వచ్చాక వంటింట్లో పీట మీద కూలబడింది. అప్పుడు నడవలోంచి మెల్లగా ఏలియా గొంతు వచ్చింది. బుధవారం నాటిది. ప్రార్థన కాదు, ఆమెనే పిలిచాడు.

"సువార్తా, ఛాతీల నొస్తుంది. జర నీళ్లు తే. ఒక మాట జెప్పాలె. గా దినం కూటంల నుంచి లేస్తే భక్తి లేదంటరని భయపడి ఆగిన. తప్పు నాదే. నువ్ ఒక్కపారి అడుగుతవని జూసిన."

సువార్త లేచి చెంబు నింపింది. నాలుగడుగుల్లో ముందరి గది వచ్చేసింది. ఖాళీ కుర్చీ ముందు నిలబడితే ఆమెకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది.

"అడగకుంటే జెప్పవా?" అని తొమ్మిదేళ్లలో మొదటిసారి మొగుణ్నే అడిగింది.