సాక్ష్యంలో తీసేసిన మాట

శనివారం మధ్యాహ్నం రాంగోపాల్‌పేట్‌లోని ఒక మందిరంలో, మరుసటి రోజు సాక్ష్యం చెప్పేవాళ్లను వరుసగా కూర్చోబెట్టి పాస్టరు ఓబేదుగారు ఒక్కొక్కరి మాటా ముందుగా వింటున్నారు. సంఘానికి వార్షికోత్సవం. ‘సంఘము దేవుని మహిమకు పాత్ర’ అని గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మూడు కెమెరాలు వస్తున్నాయి కనుక ఎవరూ తడబడకూడదని, నాలుగు నిమిషాలు దాటకూడదని అయ్యగారి ఆజ్ఞ. దేవుడు చేసిన మేలు చెప్పుకోవడానికి రిహార్సల్ ఏమిటని మీరు అడగవచ్చు. ఈ రోజుల్లో పెళ్లి ఫోటోలకే రిహార్సల్ జరుగుతుంటే సాక్ష్యానికి జరిగితే తప్పేముందని అక్కడ అందరూ సరిపెట్టుకున్నారు.

సువార్తమ్మ వంతు వచ్చింది. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి. భర్త దేవదానం ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద పని చేస్తాడు. ఎనిమిదేళ్లపాటు అతనికి ఫిట్స్ వచ్చేవి. బస్సులో, భోజనం దగ్గర, ఒకసారి కొడుకు ఫీజు కట్టే వరుసలో కూడా పడిపోయాడు. పద్నాలుగు నెలలుగా ఒక్కసారీ రాలేదు. ఎందుకు రాలేదో సువార్తమ్మకు బాగా తెలుసు. శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉండి ప్రార్థించింది. నరాల డాక్టరు రాసిన గోలీని పొద్దున, సాయంత్రం భర్త అరచేతిలో పెట్టి, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది. రెండూ దేవుడిచ్చినవేనని ఆమె నమ్మకం. ఆ రెండూ అలాగే చెప్పింది.

ఓబేదుగారు చెయ్యెత్తి ఆపారు. “మందుల మాట తీసేయమ్మా. గోలీల సంగతి చెబితే వినేవాళ్లు మహిమను డాక్టరుకిస్తారు. మహిమంతా దేవునికే రావాలి.”

“అబద్ధమైతది గద అయ్యగారూ?”

“అబద్ధం చెప్పమనడం లేదు. ఆ ఒక్క మాట వదిలేయమంటున్నాను.”

వదిలేసిన మాట చోట అయ్యగారే ఇంకో వాక్యం పెట్టి ఇచ్చారు: ‘డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రభువు ముట్టాడు.’ సువార్తమ్మకు లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. అయినా తలూపింది. ఊపక ఏం చేస్తుంది? ఇరవై రెండేళ్లుగా ఆమెకు పుట్టింటి వాళ్లయినా, చుట్టాలయినా ఆ సంఘమే. ఆమె పెళ్లి ఆ మందిరంలోనే జరిగింది. తల్లి పోతే శవానికి స్నానం చేయించింది ఆ సంఘంలోని ఆడవాళ్లే. అలాంటి చోట తనకు చెడు చెబుతారని ఆమెకు తట్టలేదు.

ఆదివారం ఆమె చెప్పిన సాక్ష్యానికి మందిరం ముందు వేసిన షామియానా అంతా హల్లెలూయాలతో మారుమోగింది. ముందు వరుసలో కూర్చున్న దేవదానం రెండు చేతులూ పైకెత్తి ఏడ్చాడు. సాయంత్రానికల్లా ఆ వీడియో ఎక్కడెక్కడి ఫోన్లలోకో వెళ్లిపోయింది. కొత్తవాళ్లు వెతుక్కుంటూ రావడం మొదలయింది. సువార్తమ్మ బజారుకు వెళ్లినా ఎవరో ఒకరు ఆపి వందనాలు చెప్పేవారు. ఆమెకూ కాస్త గర్వంగానే ఉండేది, దాచడం ఎందుకు.

నాలుగో వారంలో ప్రెస్సు నుంచి ఫోను వచ్చింది. దేవదానం మిషను దగ్గర పడిపోయాడు. బ్లేడు కింద చెయ్యి లేదు గనుక చెయ్యి మిగిలింది. తల ఇనుప దిమ్మకు కొట్టుకుని పగిలింది. పక్కింటి జోయా ఆటో పిలిచి సువార్తమ్మతో పాటు ఆస్పత్రికి వచ్చింది. మందులు ఎప్పటి నుంచి మానేశాడని అక్కడి డాక్టరు అడిగింది. ఒక్క పూట కూడా మానలేదని సువార్తమ్మ ఒట్టు పెట్టబోయింది.

మంచం మీద దేవదానం కళ్లు మూసుకున్నాడు. “మానేసిన. నీ ముంగట నోట్ల పెట్టుకుని, తర్వాత ఊసేసిన.”

“ఎందుకు?”

“మందుల్లేకుండనే తగ్గిందని మైకుల చెప్పినవు గద. నేను రోజూ గోలీ మింగితే నీ సాక్ష్యం అబద్ధమైతదని మానేసిన.”

నిజం తెలిసినవాడే, రోజూ మింగినవాడే, మందిరంలో మైకులో విన్న మాటను తన ఒంటి కంటే ఎక్కువ నమ్మాడు. ఆ మాట సువార్తమ్మ నోటి నుంచే వచ్చింది. ఆమె వరండాలోకి వెళ్లి గోడకు ఆనుకుని ఏడ్చింది.

ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. ఇంట్లో కష్టం వస్తే మనవి చీటీ రాసి గుమ్మం దగ్గరి పెట్టెలో వేస్తారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో బాలమ్మ ఒక్కొక్క చీటీ పేరు పెట్టి చదువుతుంది, అందరూ మోకరించి ప్రార్థిస్తారు. బాలమ్మ ఎనభై దాటిన ముసలామె. నలభై ఏళ్లు గల్లీ గల్లీ నడిచి, ఇంటింటికీ బైబిలు చదివి వినిపించిన మనిషి. పాస్టర్లు మారారు గాని ఆమె మారలేదు. సువార్తమ్మ కూడా భర్త కోసం చీటీ రాసి వేసింది. ఆ శుక్రవారం వీసా కోసం, పరీక్షల కోసం, ఇల్లు అమ్ముడుపోవడం కోసం చీటీలు చదివారు. దేవదానం పేరు రాలేదు. మరుసటి శుక్రవారమూ రాలేదు. ఎవరికి జ్వరం వచ్చినా గంపెడు పళ్లతో బయల్దేరే స్త్రీల సమాజం వాళ్లు ఆస్పత్రి వైపు తొంగి చూడలేదు. పూటపూటా అన్నం తెచ్చింది జోయా.

“నీ చీటీ నా చేతికే రాలేదు బిడ్డా,” అంది బాలమ్మ. “పెట్టె ముందుగాల అయ్యగారు తెరుస్తరు.”

సువార్తమ్మ పాస్టరుగారి ఇంటికి వెళ్లింది. ఆయన ఆమెను గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. వీడియో చూసి ఎందరో మందిరానికి వస్తున్నారట. ఇప్పుడీ సంగతి బయటపడితే దేవుని నామానికి అవమానమట. దేవదానం అవిశ్వాసం వల్లే రోగం తిరగబెట్టి ఉంటుందట. “ఆ కట్టు విప్పేదాకా అతన్ని ఆరాధనకు తీసుకురాకమ్మా,” అన్నారు చివరగా, ఎంతో మెత్తగా. గోలీ మాట తీసేయమన్నప్పటి గొంతు కూడా అదే. తీసేసిన ఆ మాట వెనకే ఇప్పుడు తన భర్తనూ తీసేస్తున్నారని సువార్తమ్మకు అర్థమయింది. కన్నవాళ్లు కాదన్నా అంత నొప్పి ఉండేది కాదేమో.

ఆ తర్వాతి ఆదివారం సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు బల్ల. తలకు కట్టుతోనే దేవదానాన్ని తీసుకొచ్చి ఆమె ముందు వరుసలో కూర్చోబెట్టింది. సాక్ష్యాల సమయంలో జాబితాలో పేరు లేకుండానే లేచి నిలబడింది.

“నేను అబద్ధం చెప్పిన,” అంది. “మా ఆయనకు తగ్గింది ప్రార్థనతోని, గోలీలతోని. దేవుడే డాక్టరును ఇచ్చిండు. గోలీల మాట తీసేయమంటే తీసేసిన. అది నమ్మి ఆయన గోలీలు మానేసిండు. ఇగో, ఇట్లయిండు.”

ఓబేదుగారు పాటగాళ్ల వైపు సైగ చేశారు. డ్రమ్ములు మొదలయ్యాయి. సువార్తమ్మ పెదవులు కదులుతున్నాయి గాని మాట వినిపించడం లేదు. ఇరవై రెండేళ్లుగా ఆమె ఎవరితో కలిసి పాడిందో ఆ గొంతులే ఇప్పుడు ఆమె గొంతును నొక్కేస్తున్నాయి. అప్పుడు పక్క కుర్చీలోంచి బాలమ్మ లేచింది. మెల్లగా నడిచి వెళ్లి డ్రమ్ము మీద చెయ్యి పెట్టింది. పాట ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో వెనక వరుస నుంచి ఒక పెద్దాయన లేచాడు. సైనిక్‌పురి నుంచి ఆ వీడియో చూసి కొత్తగా వస్తున్న రిటైర్డు ఫౌజీ పర్వతాలు. “నేను సుత బీపీ గోలీలు బంద్ చేసినమ్మా, నీ సాక్ష్యం ఇన్నంక,” అన్నాడు. ఇంకెవరో చెయ్యెత్తారు. తర్వాత ఒక తల్లి లేచి, తన బిడ్డ షుగరు సూదులు ఆపానని చెప్పి ఏడుస్తూ కూర్చుండిపోయింది. తనను సంఘం మోసం చేసిందని చెప్పడానికి వచ్చింది సువార్తమ్మ. తన నోటితో ఎంతమందిని మోసం చేసిందో ఇప్పుడు తెలిసింది. ఓబేదుగారు తల ఎత్తలేదు.

బాలమ్మ మైకు తీసుకోలేదు. దేవదానం పక్కకు వచ్చి, అతని కట్టు మీద చెయ్యి పెట్టి నిలబడింది.

“నలభై ఏండ్లు రోగుల మంచాల పక్కన కూసున్న,” అంది. “కొందరు లేచిన్రు, కొందరు పోయిన్రు. ఎవ్వరినీ దాచిపెట్టలే. ఇప్పుడు మనం మహిమను కాపాడుతున్నమనుకుని మనుషులను దాచిపెడుతున్నం. దేవుని మహిమకు మన అబద్ధం ఆసరా అక్కర్లేదు. మళ్ల పడ్డోణ్ని పక్కన కూసోబెట్టుకోలేని సంఘంల ఆ మహిమ ఒక్క గడియ సుత నిలువది.”