మర అన్న ఇంట్లో, అచ్చు తమ్ముడి ఇంట్లో

ఎర్రపరెడ్డి ఇంట్లో అన్నదమ్ములిద్దరూ తలుపులు మూసుకుని దొంగ రూపాయి బిళ్ళలు కొడుతున్నారని ఎదురింటి రంగమ్మ బోరింగు దగ్గర చెప్పిందట. ఆదివారం పొద్దున్నే టకటకమని చప్పుడు వస్తుందనీ, తమ్ముడు తిమ్మారెడ్డి జేబులో ఏదో బరువుగా వేలాడుతుందనీ, వీధి దాటేటప్పుడు దాన్ని చేత్తో అదిమి పట్టుకుంటాడనీ కూడా చెప్పిందట. బోరింగు దగ్గరి మాట చేలల్లోకి చేరేసరికి రూపాయి బిళ్ళలు బంగారు కాసులయ్యాయి.

ఆ జేబులో వేలాడింది నేనే.

నేను ఒక ఉక్కు అచ్చును. లేత్ షాపువాళ్ళు డై అంటారు. బొటనవేలంత లావు, ఒంటి నిండా బోల్టుకున్నట్టు చుట్లు, నడిమధ్యన ఒక రంధ్రం. ఆ రంధ్రం సీసాలాగా ఉంటుంది. కింద వెడల్పు, పైన భుజాలు, ఆ పైన సన్నటి మెడ. పిస్తోలు పేలాక కింద పడే ఇత్తడి గుల్ల ఉబ్బి, రూపు చెడి ఉంటుంది. దాన్ని మరలో పెట్టి నాలోకి ఒత్తితే భుజాలూ మెడా మళ్ళీ కుదురుకుంటాయి, తుపాకి మందూ గుండూ నింపితే మళ్ళీ తూటా అవుతుంది. గుండు ఎటు పోయిందో చూసేవాళ్ళే అందరూ. వంగి గుల్లను ఏరుకునేవాణ్ణి ఎవరూ చూడరు. నా బతుకంతా ఆ ఏరుకునేవాళ్ళతోనే గడిచింది.

తండ్రి పోయాక ఆయన పిస్తోలూ, దాని లైసెన్సూ పెద్దకొడుకు ఎర్రపరెడ్డికి వచ్చాయి. మనుషుల మీద ఎక్కుపెట్టే రకం కాదాయన. జిల్లా కేంద్రంలోని షూటింగ్ క్లబ్బులో కాగితపు గురిని కాల్చి, ఇత్తడి కప్పు గెలుచుకొచ్చి, దాన్ని గూట్లో పెట్టుకుని మురిసే మనిషి. చిక్కల్లా ఆ పిస్తోలుది మెడ తూటా. పాతకాలపుది. బెంగుళూరు తుపాకుల అంగడివాడు ఒకరోజు చేతులెత్తేశాడు. "ఈ రకం రావడం లేదు రెడ్డీ, గుల్లలు దాచిపెట్టుకో" అన్నాడు.

అప్పుడు రంగంలోకి దిగాడు తమ్ముడు తిమ్మారెడ్డి. అనంతపురంలో డిగ్రీ చదివినవాడు. పై ఆఫీసుల అనుమతులకు తిరిగింది ఆయనే, గుల్లలు ఒత్తే మరల బొమ్మల పుస్తకాలు తెప్పించింది ఆయనే. సాయంత్రాలు అన్న ఇంటి అరుగు మీద ఆ పుస్తకాలు పరుచుకుని ఇద్దరూ కీచులాడుకునేవాళ్ళట. సుత్తితో కొట్టే రకం చవక, చేత్తో నొక్కే పటకారు రకం చిన్నది, బల్లకు బిగించే మర పెద్దది. అన్నకు సుత్తి నచ్చింది. "నిటారు గుల్లయితే ఎట్లయినా సాగుతుందన్నా. మనది మెడ గుల్ల. ఒక పక్కకు వంగిందంటే అంతే సంగతులు. బల్లకు బిగించేదే కావాల" అన్నాడు తమ్ముడు. పెళ్ళిచూపులకు ఒక్క పూట చాలింది వాళ్ళకు. నన్ను ఎంచుకోవడానికి రెండు వేసవులు పట్టింది.

పార్సిలు విప్పిన రోజు సుంకులమ్మ వచ్చి కూర్చుంది. తల్లిలేని ఆ ఇద్దరినీ పెంచిన మేనత్త ఆమె. మరను చూసింది, నన్ను అరచేతిలో తూచి చూసింది.

"ఇది ల్యాకుండా అది పన్జేస్తాదేమిరా?"

"చెయ్యదత్తా."

"అయితే మర పెద్దోని ఇంట్లో ఉండల్ల, ఇది చిన్నోని ఇంట్లో ఉండల్ల. మా పుట్టింట్లో నగల పెట్టె ఒకరింట్లో, దాన్ని తెరిచే బీగం చెయ్యి ఇంకొకరింట్లో ఉండేది. పెట్టె తెరవాలంటే ఇద్దురూ కూచోవాల్సిందే. అందుకే మా వాళ్ళు కడదాకా కలిసి తిన్యారు."

అన్నదమ్ములు నవ్వారు. కానీ ఆ మాట దాటలేదు.

అట్లా నాకు ఆదివారాలు వచ్చాయి. తిమ్మారెడ్డి నన్ను పాత పంచె గుడ్డలో చుట్టి, జేబులో వేసుకుని వీధి దాటేవాడు. మరలో నన్ను బిగించి, ఒక్కో గుల్లకూ వేలితో నూనె రాసి అందించేవాడు. ఎర్రపరెడ్డి పిడి లాగేవాడు. గుల్ల నాలోకి వచ్చి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, నాజూగ్గా బయటికి వెళ్ళేది. మందు కొలిచే పని నాది కాదు కాబట్టి దాని ఊసెత్తను. ఎర్రపరెడ్డి భార్య కొండమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి పెట్టి, "నూనె చేతుల్తో తినొద్దండప్పా, కడుపులో గుల్లలు మొలుస్తాయి" అని మొగుణ్ణీ మరిదినీ కలిపి తిట్టేది. నిజం చెప్పాలంటే వాళ్ళు ఒత్తినన్ని గుల్లలు కాల్చడానికి అక్కర్లేదు. వాళ్ళకు కావలసింది ఆ బల్లే.

సుంకులమ్మ పోయిన మరుసటేడు అది జరిగింది. పోటీకి ముందురోజు. క్లబ్బునుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని తొందరపెడుతున్నారు. తిమ్మారెడ్డి వాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళాడు. అంతలో ఎర్రపరెడ్డి నూనె రాయని గుల్లను పెట్టి పిడి లాగాడు. నిటారు గుల్లయితే ఎట్లాగో జారేదేమో. మెడ గుల్ల కదా, నా గొంతుకు కరుచుకుపోయింది. బలమంతా పెట్టి లాగితే గుల్ల అంచు చినిగి చేతికొచ్చింది. మిగతాది నాలోనే ఉండిపోయింది.

తిమ్మారెడ్డి తిరిగొచ్చి చూశాడు. "నూనె రాయకుండానే ఒత్తినావా? ఇదేమన్నా గొర్రు తోలేదనుకున్యావా?" అన్నాడు.

అరుగు మీది పెద్దమనుషులు నవ్వారు. ఆ నవ్వే లేకపోతే ఆ మాట ఉగ్గానితో పాటు అరిగిపోయి ఉండేది.

"పిస్తోలు నాది, లైసెన్సు నాది" అన్నాడు ఎర్రపరెడ్డి. "నువ్వు నూనె రాసేటోనివి. అంతే."

 తిమ్మారెడ్డి నన్ను మరలోంచి విప్పి, గుడ్డలో చుట్టకుండానే జేబులో వేసుకుని వీధి దాటాడు.

ఆ తర్వాత నేను ఒక బిస్కెట్ల డబ్బాలో, అటక మీద, తెగిన కరెంటు వైర్ల మధ్య పడి ఉన్నాను. గొంతులో ఇత్తడి అడ్డం. వర్షాకాలం వస్తే తేమ, ఎండాకాలం వస్తే సెగ. కింద పెళ్ళిళ్ళయ్యాయి, పురుళ్ళయ్యాయి, పాత గోడలు పోయి కొత్త గోడలు లేచాయి. ఎప్పుడో ఒకసారి తిమ్మారెడ్డి నిచ్చెన వేసుకుని ఎక్కి, నన్ను చూరు సందులోని వెలుగుకు పట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. వెలుగు అటు నుంచి ఇటు రాదు. మళ్ళీ డబ్బాలో పెట్టేవాడు. ఎడంగా ఉన్నది రెండు ఇళ్ళే. మధ్యన ఉన్నది రెండు ఎద్దుల బండ్లు పక్కపక్కన పోయేంత వీధి. నేను లేని మర దేనికీ కొరగాదని అన్నకు తెలుసు. మర లేని నేను ఇనుప ముక్కనని తమ్ముడికి తెలుసు. సుంకులమ్మ ఆలోచన కలిపినంత కాలం గట్టిగానే కలిపింది. విడదీయడం మొదలుపెట్టాక కూడా అంతే గట్టిగా పనిచేసింది.

ఎన్నికలొచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు ఆయుధాలన్నీ ఠాణాలో అప్పగించాలి, ఓట్లయిపోయాక తెచ్చుకోవాలి. ఒకరోజు రంగమ్మ తిమ్మారెడ్డి గడపలో కూర్చుని వక్కపేడు నములుతూ అంది: "మీయన్న పోయినసారి ఓట్లకు ఇచ్చిన పిస్తోలు తెచ్చుకోనే లేదంటప్పా. కన్ను మసకంట. కొండమ్మ చెప్పి ఏడ్సింది."

ఆ సాయంత్రమే నిచ్చెన పడింది.

మరునాడు టౌనులో లేత్ షాపు. ఆ కుర్రమేస్త్రీ నాలోని గుల్లకు చిన్న బెజ్జం వేసి, బోల్టు ఎక్కించి, మెల్లగా తిప్పాడు. 'టక్' మంది. ఇన్నేళ్ళ ఇత్తడి ఊడి బల్ల మీద పడింది.

"అంతేనా?" అన్నాడు తిమ్మారెడ్డి.

"అంతే సార్."

తిమ్మారెడ్డి ఆ ముక్కను వేళ్ళతో తిప్పి చూశాడు. కాఫీ చల్లారేంత పని అది.

నాకు నూనె పట్టించాడు. పాత పంచె ఒకటి వెతికి చింపి, అందులో చుట్టాడు. ఆదివారం పొద్దున్నే వీధి దాటాడు. జేబును చేత్తో అదిమి పట్టుకునే నడిచాడు. రంగమ్మ చూసింది కూడా.

ఎర్రపరెడ్డి అరుగు మీద మంచంలో కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. కొండమ్మ వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తూ, మరిదిని చూసి చేతులు ఆపేసింది. లోపల మా బల్ల కనబడింది. దాని మీద విత్తనాల మూటలు పేర్చి ఉన్నాయి. మర ఆ మూటల వెనక ఉంటుందనుకున్నాను.

తిమ్మారెడ్డి గుడ్డ విప్పి నన్ను అన్న చేతిలో పెట్టాడు. ఆ చేతిని నేను మరిచిపోలేదు. అదీ నన్ను మరిచిపోలేదనుకుంటాను, వేలు వచ్చి సరిగ్గా నా చుట్ల మీద ఆగింది. ఎర్రపరెడ్డి నన్ను ఎండకు ఎత్తి, బాగున్న కన్నుతో లోపలికి చూశాడు. వెలుగు అటు నుంచి ఇటు వచ్చి ఆయన చెంప మీద పడింది.

"ఇరుక్కున్నది తీయించినానన్నా" అన్నాడు తిమ్మారెడ్డి. "రేపు ఇద్దురం ఠాణాకు పోయి పిస్తోలు తెచ్చుకుందాం. గురి నేను చెప్తా, నువ్వు కాల్చు. ఈ పొద్దే మరకు బిగిద్దామా? నూనె కూడా తెచ్చినా."

ఎర్రపరెడ్డి నన్ను తిరిగి గుడ్డలో పెట్టాడు. మడత మీద మడత వేసి, తమ్ముడి వైపు జరిపాడు.

"మర యాడుందిరా? పోయిన ఉగాదికే పాత ఇనుమోనికి ఏసేసినా. నువ్వు రావులే అనుకున్యా."