పిలిస్తే వెలిగే దీపం

గోవిందయ్య ఇంటి గడప తొక్కాలంటే మౌలాలీకి భయంగా ఉంది. మాచర్ల బస్టాండు పక్కన రేడియోలు బాగుచేసుకునే మనిషికి దయ్యాల భయమేమిటని ఎవరైనా నవ్వొచ్చు. ఆ దయ్యాన్ని తన చేతులే తయారుచేశాయని తెలిశాక నవ్వెక్కణ్ణుంచి వస్తుంది?

గోవిందయ్య నాపరాళ్ల క్వారీలో మందు పేల్చీ పేల్చీ చెవులు పోగొట్టుకున్నాడు. పెళ్లాం నాగులమ్మ గొంతు చించుకున్నా బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేవాడు. చూడలేక మౌలాలీ ఒక పెట్టె చేసిపెట్టాడు. సబ్బుపెట్టెకు చిల్లు పొడిచి, పాడైపోయిన టేపురికార్డరులోని మైకు అందులో బిగించాడు. దానికి రెండు ట్రాన్సిస్టర్లు అతికించి, మూతమీద జొన్నగింజంత ఎర్ర ఎల్.ఇ.డి. దీపం నిలబెట్టాడు. టార్చిలైటు సెల్లులు వేస్తే చాలు, ఎవరైనా నోరెత్తినప్పుడు వెలిగేది, నోరు మూస్తే ఆరిపోయేది.

“ఇన్నేళ్లూ మొగుడు పలకలా, ఈ సబ్బుపెట్టెన్నా పలుకుద్దిలే!” అని నాగులమ్మ పడీపడీ నవ్వింది. ఆమె “ఏమయ్యో, ఏమయ్యో” అని రెండుసార్లు పిలవడం, దీపం రెండుసార్లు వెలగడం, ఆయన తలెత్తి “ఏందే?” అనడం ఆ ఇంట్లో అలవాటైపోయింది.

మొన్న కార్తీకంలో నాగులమ్మ పోయింది. దీపం మాత్రం ఇంకా రెండేసిసార్లు వెలుగుతూనే ఉందట. ఈపూరులో కాపురముంటున్న కూతురు రాఘవమ్మ వచ్చి, మౌలాలీ కొట్టు ముందు నిలబడి ఏడ్చింది.

“అమ్మ పిలుస్తందంటాడన్నా. నాతో రమ్మంటే, అది ఇక్కడ పిలుస్తంటే నేనెట్టా వచ్చేదంటాడు. ముద్ద ముట్టడు. ఇట్టాగే ఉంటే నాన్న కూడా నాకు దక్కడు. ఆ పెట్టె తీసెయ్యి, నీకు పుణ్యముంటది.”

అందుకే వచ్చాడు. గోవిందయ్య గోడగూటికి ఎదురుగా మంచం వేసుకుని, గూట్లోని పెట్టెనే చూస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. మౌలాలీని చూసి పక్కన కూర్చోమని సైగ చేశాడు.

“మాట్టాడమాక. పొద్దు వాలతంది, ఇంక పిలుస్తది.”

కూర్చున్నాడు. ఏ తీగో వదులై ఉంటుంది, లేకపోతే బల్లి అరుస్తూ ఉంటుందని మౌలాలీ తనకు తాను చెప్పుకున్నాడు.  వెంట వచ్చిన రాఘవమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

కాసేపటికి మంచం మీదినుంచి బొంగురుగా ఓ గొంతు వచ్చింది. “నాగులూ... నాగులూ...”

దీపం రెండుసార్లు వెలిగింది.

“చూశావా అబ్బాయ్! పిలిచింది!” అన్నాడు గోవిందయ్య, మొహం చేటంత చేసుకుని.

మౌలాలీకి భయం పోయింది. దాని బదులు వచ్చింది భయంకన్నా చెడ్డది. తను మాట్లాడినా దీపం వెలుగుతుందని ముసలాయనకు తెలుసు. మనసులో అనుకుంటున్నది నోటివెంట వచ్చేస్తోందని మాత్రం తెలియదు. వినపడనివాడికి అది ఎట్లా తెలుస్తుంది?

చెప్పకుండా ఊరుకుంటే ఈయన ఈ మంచం మీదే పోతాడు. మౌలాలీ ఆయన చెయ్యి పట్టుకుని ఆయన గొంతుమీదే ఆనించాడు, దీపాన్ని చూడమని వేలు చూపించాడు. ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు.

మళ్లీ ముసలాయన పెదాలు కదిలాయి. అరచేతి కింద గొంతు అదిరింది, దీపం వెలిగింది. గోవిందయ్య ఉలిక్కిపడి చేతిని చూసుకున్నాడు, దీపాన్ని చూశాడు. ఈసారి కావాలనే, నెమ్మదిగా పిలిచి చూసుకున్నాడు. వెలిగింది.

“అయితే ఇన్నాళ్లూ పిలిచింది నేనా? అది నన్ను పిలవనే లేదా?”

ఆ మాటలకు కూడా దీపం వెలిగి ఆరింది. గుమ్మంలో రాఘవమ్మ వెక్కివెక్కి ఏడుస్తోంది, దానికీ వెలుగుతోంది. ఇంక చూడలేక మౌలాలీ పెట్టె తీసెయ్యబోయాడు. రాళ్లు మోసిన చెయ్యి అతని మణికట్టును గట్టిగా పట్టుకుంది.

“తియ్యమాక. ఇప్పుడు తెలిసిందిగా, ఇంక నేను నోరు మూసుకుంటా. మీరూ మాట్టాడమాకండి. అప్పుడు వెలిగితే, పిలిచింది అదే.”

గోవిందయ్య అరచేత్తో నోరు మూసుకుని గూటివైపు చూస్తూ కూర్చున్నాడు. రాఘవమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మౌలాలీకి దగ్గొచ్చింది. దాన్ని గొంతులోనే నొక్కేసుకుని, తనూ దీపంవైపే చూస్తూ ఉండిపోయాడు.