చెయ్యి పడినట్టు తెలియని పని

వంటింటి బల్ల మీద నేను బాగుచేసిన ఆరో ఆంప్లిఫయర్ అది. గిటార్‌కి తగిలించుకునేది, లోపల వాల్వులతో నడిచే పాతకాలపు పెట్టె. బర్రుమని హోరు పెడుతూ వచ్చింది. ప్లగ్గు పీకేసినా దాని కండెన్సర్లలో మనిషిని విసిరికొట్టేంత కరెంటు నిలవుంటుంది. తీగ తగిలించి ఆ కరెంటుని దించేదాకా పాపని పక్కగదిలో కూర్చోబెట్టి గుమ్మానికి అడ్డంగా కుర్చీ పెడతాను. అది అక్కడ ఏడుస్తుంటే ఇక్కడ నా చేతులు తొందరపడతాయి. తొందరపడే పని కాదిది.

మామయ్యకి చేతులు వణకడం మొదలై రెండేళ్ళయింది. పని నేర్పింది ఆయనే. ఆయన రిపేరు షాపులో నాకూ ఓ బల్ల ఇమ్మని అడుగుతూనే ఉన్నాను. "ఈ పెట్టె తెచ్చిన గిటారిస్టుకి పని నచ్చితే వచ్చి కూర్చో," అన్నారు ఈసారి.

ఆ గిటారిస్టుకి పెట్టె లోపలంతా పాతదిగానే ఉండాలి, కొత్త వస్తువు కనపడకూడదు. అందుకని చచ్చిన కండెన్సర్ల అట్టగొట్టాలు వేడిచేసి, లోపలి సరుకు లాగేసి, చిన్నవి కొత్తవి దూర్చి, పాత మైనమే కరిగించి మూతులు మూశాను. వారం పట్టింది.

షాపులో అతను వెనక పలక విప్పి టార్చి వేసి చూశాడు. గిటార్ తగిలించి మీటాడు. హోరు లేదు.

"చెయ్యి పడినట్టే లేదు మాస్టారూ. ఎంతైనా మీ చెయ్యి మీదే."

మామయ్య రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి. "ఏదో, అలవాటు," అన్నారు.

"ఆ మైనం నేను పోశానండీ," అన్నాను, పాపని చంక మార్చుకుంటూ.

అతను నవ్వాడు. "పాప కూడా ఓ చెయ్యి వేసిందా అమ్మా?"

"టెన్త్ గట్టెక్కలేదు గానీ, మాటలకేం లోటులేదు మా కోడలికి." మామయ్య కూడా నవ్వారు.

అతను వెళ్ళాక బల్ల సంగతి ఎత్తాను.

"నిన్నిక్కడ కూర్చోబెడితే నా చేతులకేమైందని అడగరూ? ఇంట్లో బాగానే చేస్తున్నావుగా."

"అక్కడ పాప ఉంటుంది మామయ్యా."

"ఉంటే? మా పిల్లలు పెరగలేదూ?"

ఒక్క గొట్టం సరిగ్గా మూయకుండా వదిలేసి ఉంటే, వేరే చెయ్యి పడిందని అతనికి తెలిసేది. నేనే ఒక్కటీ వదల్లేదు.

సాయంత్రానికి ఏడోది వంటింట్లోకి వచ్చింది. గోడవైపుకి జరిపాను. ఇంకా జరపడానికి జాగా లేదు. పాప పోయిన వారం నుంచి పట్టుకుని నిలబడుతోంది. బల్ల అంచు అందుతోంది.