పదకొండో నెంబరు

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఒక్క ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైన ఆవిడను చర్చి సంఘంలో అందరూ టెలిఫోనమ్మ అనే పిలిచేవారు. ఏళ్ల తరబడి హెడ్‌సెట్టు బిగించడం వల్ల ఎడమచెవి మందగించింది గాని, కుడిచెవి మాత్రం పాముచెవి. అవతలివాళ్లు హలో అంటే చాలు, జ్వరమో అలకో చెప్పేసేది.

ఆమె రిటైరైన ఏడాదే, సంఘంలో ఒంటరిగా ఉంటున్న ఒక ముసలావిడ పోతే మూడు రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. భూస్థాపన అయ్యాక పాస్టరుగారు టెలిఫోనమ్మను పక్కకు పిలిచి, ఇలా ఒంటరిగా ఉన్నవాళ్లను రోజూ ఒకసారి ఫోనులో పలకరించగలరా అని అడిగారు. పోయిన ఉద్యోగం తిరిగొచ్చినట్టయింది ఆమెకు. పదకొండు నెంబర్లు నోటుబుక్కులో రాసుకుంది. ఉదయం ప్రార్థన ముగించి, సరిగ్గా ఏడింటికి హాల్లో ఫోను ముందు కూర్చునేది. ఒకరికి మాత్ర గుర్తుచేసేది, ఇంకొకరి మోకాళ్ల పురాణం ఓపిగ్గా వినేది. ఎవరైనా ఎత్తకపోతే పావుగంట ఆగి మళ్లీ చేయాలి. అప్పటికీ ఎత్తకపోతే మనిషిని పంపాలి. ఆ నియమం ఆమె పెట్టుకున్నదే.

భర్త వడ్రంగి. ఆయనా పని మానేశాడు గాని, చర్చిలో బెంచీ కాలు ఊగితే ఇప్పటికీ ఆయనే వెళ్లి బిగించాలి. పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఆమె ఎదురుగా కూర్చుని, "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత," అని గొణిగేవాడు. మీకూ ఫోను చేయాలంటే మీరు వేరే ఇల్లు చూసుకోవాలి మరి అనేది ఆమె, రిసీవరుకు చెయ్యి అడ్డుపెట్టి.

పదకొండో నెంబరు సర్వేయరుది. ఊళ్ల పొలాలు కొలిచి కొలిచి రిటైరైన మనిషి, పెళ్లి చేసుకోలేదు. కోపం ముక్కు మీదే ఉండేది. చర్చిలో వెనక బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం చెప్పకముందే లేచి వెళ్లిపోయేవాడు. ఫోను చేసిన కొత్తలో "ఉన్నాను" అని ఒక్క మాట అని పెట్టేసేవాడు. రాను రాను ఆ రోజు బైబిలు వాక్యం ఏమిటని అడగడం మొదలుపెట్టాడు. విని ఊరుకునేవాడా, దానితో తగువు పెట్టుకునేవాడు. వాగ్దాన దేశాన్ని పన్నెండు గోత్రాలకు పంచారు సరే, కొలత గొలుసు ఎవరు పట్టారో రాయలేదేమని ఒకరోజు ఆమెను నిలదీశాడు. ఆమె పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తర్వాత తర్వాత మిగతా పదిమందినీ కాస్త తొందరగా ముగించి, ఆ నెంబరు దగ్గర తీరిగ్గా కూర్చునేది.

ఒక బుధవారం అతను ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. ఆమె భర్తనూ, చర్చి వాచ్‌మన్‌నూ పంపింది. వాళ్లు తలుపు బాదిన బాదుడుకు ఇరుగుపొరుగు వచ్చి మూగారు. చివరికి సర్వేయరు తువ్వాలు చుట్టుకుని, ఒళ్లంతా సబ్బు నురగతో తలుపు తీశాడు. స్నానం చేస్తున్నాడట. వీధి వీధంతా నవ్వింది.

మధ్యాహ్నం అతనే ఆమెకు ఫోను చేశాడు.

"నలుగురి గట్టు తగాదాలు తీర్చినవాణ్ణి. నా గుమ్మం ముందు నన్నే నవ్వులపాలు చేశారు. ఇంకోసారి నా ఇంటికి మనిషిని పంపితే చర్చి గడప తొక్కను," అన్నాడు.

ఆమె తప్పయిపోయిందని చెప్పుకుంది. ఫోను పెట్టేశాక మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్నాడు అతను ఫోను ఎత్తి, మునుపటిలాగే ఒక్క ముక్క అని పెట్టేశాడు. తిట్టినదానికంటే అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

శుక్రవారం ఫోను మోగి మోగి ఆగిపోయింది. పావుగంట తర్వాత మళ్లీ చేసినా అంతే. ఎవరి గొంతు విన్నా మనసు చదవగలిగే మనిషే గాని, ఉత్తి మోతలో చదవడానికి ఏముంటుంది? అలిగాడనుకుంది. వెళ్లి చూసొస్తానంటూ భర్త చెప్పులు వేసుకోబోతే ఆమే ఆపింది.

"వద్దండీ. మొన్ననేగా తిట్లు తిన్నాం. కోపం తగ్గాక తనే ఎత్తుతాడు."

శనివారం ఒక్కసారే చేసింది. రెండోసారి చేయలేదు. పంతం అతనొక్కడి సొత్తా అనుకుని, నోటుబుక్కు మూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆదివారం వెనక బెంచీలో అతను లేడు. కీర్తన పాడుతున్నంతసేపూ ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ప్రసంగం మొదలయ్యాక ఇక ఆగలేక భర్త మోచేతిని తట్టింది. ఆయన లేచి, ఇంటికి వెళ్లి ఉలీ సుత్తీ తీసుకుని, వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని సర్వేయరు ఇంటికి వెళ్లాడు. ఆరాధన ముగిసి ఆమె మెట్లు దిగేసరికి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"పోయాడు," అన్నాడు. "మంచం మీదే. నిద్రలోనే పోయినట్టున్నాడు. బాధపడలేదు."

సోమవారం భూస్థాపన జరిగింది. పొరుగూరి నుంచి సర్వేయరు చెల్లెలు వచ్చింది. మట్టి వేశాక, సమాధుల తోటలో ఆడవాళ్లందరి ముందూ ఆవిడ డాక్టరు చెప్పింది చెప్పి ఏడ్చింది. శుక్రవారం తెల్లవారుజామున స్నానాల గదిలో జారిపడ్డాడట, తుంటి విరిగిందట. మోచేతుల మీద హాలు దాకా పాకి వచ్చాడట. శనివారం సాయంత్రం వరకూ ప్రాణం ఉండి ఉండవచ్చన్నాడట డాక్టరు. టెలిఫోనమ్మ భర్త వైపు చూసింది. ఆయన కొత్త మట్టి మీంచి చూపు తిప్పలేదు.

ఇంటికి వచ్చి, చీరైనా మార్చుకోకుండా భర్త ఎదుట కూర్చుంది.

"తలుపు తీసింది మీరే కదా. ఫోనుకు ఎంత దూరంలో ఉన్నాడు?"

జీవితమంతా చెక్క కొలిచిన మనిషికి కొలత తప్పు చెప్పడానికి నోరు రాలేదు.

"రెండు జానలు," అన్నాడు.

మరి నాకెందుకు అబద్ధం చెప్పారని ఆమె అడిగింది. ఆ పూటైనా నీకు ముద్ద దిగాలని అన్నాడాయన. ఇద్దరూ ఆ రోజు ఏమీ తినలేదు.

మర్నాడు పొద్దున ఆమె ఎవరికీ ఫోను చేయలేదు. సర్వేయరు ఇంటికి వెళ్లింది. చెల్లెలు అన్న బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది. టెలిఫోనమ్మ నిలబడే అంతా చెప్పింది, శుక్రవారం భర్తను ఆపిన సంగతి, శనివారం పంతం కొద్దీ రెండోసారి చేయని సంగతి కూడా. ఆవిడ చొక్కా మడత ఆపకుండానే విన్నది.

"మీ బరువు తెచ్చి నా మీద దించేశారు," అంది. "నేనెక్కడ దించుకోను? ఏడాదిగా అన్నయ్యకూ నాకూ మాటల్లేవు."

క్షమించానని అనలేదు. వెళ్లమనీ అనలేదు. టెలిఫోనమ్మ కాసేపు నిలబడి, తనే వచ్చేసింది.

తిన్నగా పాస్టరుగారింటికి వెళ్లి నోటుబుక్కు బల్ల మీద పెట్టింది. ఆయన ఓదార్పు మాటలు చాలా చెప్పారు. అన్నీ నిజమైన మాటలే. ఒక్కటీ ఆమెకు అందలేదు. వారం రోజులు పాస్టరమ్మగారు ఫోన్లు చేశారు గాని, ఇంటిపనితో ఒకరోజు నలుగురిని, ఇంకో రోజు ఆరుగురిని మరిచిపోయారు. ఆ మాట తెలిసి టెలిఫోనమ్మ ఎవరూ పిలవకుండానే వెళ్లి నోటుబుక్కు తెచ్చుకుంది.

ఇప్పుడు ఒక్కసారి ఎత్తకపోయినా పావుగంట ఆగడం లేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ చెప్పులు వేసుకుని బయల్దేరతారు. రెండుసార్లు తలుపు దగ్గరే తిట్లు తిన్నారు. తిని, మనిషిని కళ్లారా చూసి వచ్చారు.

ప్రతినెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది; మనసులో దోషం ఉన్నవాళ్లు అందులో పాలుపొందకూడదంటారు. ఆమె లేవదు. నాలుగు నెలలైంది. మొన్న పాస్టరుగారు మెల్లగా అడిగితే, ఇంకా మనసు రావడం లేదండీ అంది. భర్త ఒక్కడే ముందుకు వెళ్లి, రొట్టె, ద్రాక్షారసం తీసుకుని వచ్చి, ఆమె పక్కన కాస్త దగ్గరగా జరిగి కూర్చుంటాడు.