చిన్న త్రిభుజం ఎక్కడ పెట్టాలి

మా హాలు గోడ పొడవు పదకొండు అడుగులు. ఇల్లు కట్టి ఏడాది దాటినా దాని మీద ఒక్క మేకు కొట్టనివ్వలేదు నేను. మా అత్త జోగమ్మ కిరాణా కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు తెచ్చి రెండుసార్లు తగిలించబోయింది. రెండుసార్లూ పట్టుకెళ్లి వంటింట్లో పెట్టాను. ఈ గోడ కోసం మా ఆయన యువరాజు ఐదేళ్లుగా గుజరాత్‌లో, వెరావల్ రేవులో, పరాయివాళ్ల బోటు మీద ఏడాదికి తొమ్మిదేసి నెలలు ఉంటున్నాడు. అలాంటి గోడకి కిరాణా కొట్టు క్యాలెండరా?

నేను జాకెట్లు కుడతాను. కొలత అరంగుళం తప్పినా నాకు అన్నం సహించదు. అందుకని గోడ కొలత కాగితం మీద రాసుకుని, మందసలో బస్సెక్కి, పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో సీతారాం గారి ఫ్రేముల కొట్టుకి వెళ్లాను.

"దేవుడి పటమా అమ్మా, పెళ్లి ఫొటోవా?" అన్నాడాయన.

"రెండూ కాదండి. గీతలూ కోణాలూ ఉంటాయి చూడండి, టీవీలో ఇళ్లలో కనిపిస్తాయి, అలాంటివి."

ముందు తేనెపట్టు గదుల్లాంటి ఆరు మూలల అద్దాలు తీశాడు. మా ఇంటికి సముద్రం మూడొందల అడుగులు. ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా అద్దం వెనక నల్లబడుతుంది. ఇనప చువ్వతో చేసిన వలయాలు చూపించాడు. అవి ఆర్నెల్లలో తుప్పు కారుస్తాయి, గోడ కూడా పాడు. గాజు వెనక కాగితం బొమ్మలైతే చెమ్మకి అప్పడంలా ఉబ్బుతాయి. ఇలా ఒక్కొక్కదానికీ వంక పెడుతుంటే ఆయనకి విసుగొచ్చి, "మీకు సముద్రమే అడ్డమమ్మా, నేనేం చెయ్యను" అన్నాడు. చివరికి అటక మీద నుంచి చెక్క త్రిభుజాలు మూడు దింపాడు. పెద్దది ముదురు నీలం, అడుగున రెండడుగుల వెడల్పు. నడిమిది ఆవపిండి రంగు. చిన్నది ఇటుక రంగు, జానెడు. మంచి చెక్క, మూడు పూతల రంగు. చూడగానే నావి అనిపించాయి.

ఇంటికి తెచ్చి సోఫా మీద పరిచాను. మా అత్త వంగి చూసింది.

"దేవుడా అంటే దేవుడు కాదు, మనిసా అంటే మనిసి కాదు. మూడు సమోసాల కోసం బస్సేసుకుని పలాస ఎల్లొచ్చినావేటే?"

మా మావ సింహాద్రి అరుగు మీద వల బాగుచేసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

మావ గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఆయనకి అరవై ఆరేళ్లు. మోకాళ్లు మొరాయించి నిరుడు దసరా నుంచి వేటకి వెళ్లడం లేదు. తెప్ప ఇసకలో బోర్లా పడి ఉంది. ఆయనకి ఆస్తి అంటూ ఉన్నది ఒక్క రాయి. అది సముద్రం అడుగున ఉంటుంది, దాని చుట్టూ చేపలు చేరతాయి. ఊళ్లో ఎవరికీ ఏమీ పడని రోజున కూడా మావ తెప్ప ఖాళీగా వచ్చేది కాదు. ఆ చోటు ఆయన తాత కనిపెట్టాడు. తండ్రి కొడుక్కి చెప్పాలి, ఆ కొడుకు తన కొడుక్కి. చెప్పించుకోకుండా అక్కడ వల వేస్తే మా వాళ్లలో అది దొంగతనమే.

నీళ్ల మీద గుర్తు పెట్టడానికి ఏముంటుంది? ఒడ్డున ఉన్న కొండలు ఒకదాని పక్కన ఒకటి ఎలా కనిపిస్తున్నాయో చూసుకుని చోటు పట్టుకుంటారు. అంతవరకు నాకూ తెలుసు, మా పుట్టిల్లు భావనపాడులో మా నాన్నా అలాగే పట్టేవాడు. ఏ కొండ, ఎలా అన్నది మాత్రం మావ కడుపులో దాచుకున్నాడు. ఐదేళ్ల కిందట తుఫానుకి వలలు పోయి మా ఆయన వెరావల్ బయల్దేరితే, "పరాయోడి బోటెక్కినోడికి నా రాయెందుకు?" అన్నాడు. ఆ మాట తర్వాత తండ్రీ కొడుకులు రాయి ఊసెత్తలేదు. ఇద్దరిదీ ఉడుంపట్టే.

రాయి తెలిస్తే మా ఆయన ఇక్కడే ఉండి బతకొచ్చు. తెలియకపోతే మళ్లీ ఆగస్టులో వెరావల్. వచ్చే సీజనుకి వస్తావో రావో ఆదివారంలోగా చెప్పమని బోటు పెద్ద అడిగాడు. మా పాప ధరణికి నాలుగేళ్లు, నాన్న అంటే ఫోను అనుకుంటోంది. నాకు ఫోనుతో కాపురం ఇక చాలనిపించింది. ఆ వారమంతా నా మనసులో ఉన్నది అదే. గోడ పని పెట్టుకున్నది కూడా చేతులు ఊరుకుంటే ఏడుపొస్తుందనే.

బుధవారం నాడు పాత పేపరు తీసి మూడు త్రిభుజాలకీ సరిపడా ముక్కలు కత్తిరించాను. జాకెట్టుకి ముందు కాగితం కోసినట్టే. మేకు కొట్టాక ఏడిస్తే లాభం లేదు కదా. ముక్కల్ని టేపుతో గోడకి అంటించి సోఫాకి ఎదురుగా నిలబడి చూశాను. మూడూ ఒకే వరసలో పెడితే పెళ్లి పందిరి తోరణంలా ఉంది. మెట్లలా పైకి పెడితే చూస్తుంటే నా మెడ కూడా వాలిపోతోంది. అప్పుడు పెద్దదాన్ని కుడివైపు, నడిమిదాన్ని ఎడంవైపు పెట్టి, వాటి మధ్య సందులో చిన్నది పెట్టాను, దాని కొన పెద్దదాని వాలుకి తగిలేటట్టు. గోడ నిండుగా కనిపించింది. సరిపోయిందనుకుని పొయ్యి దగ్గరికి వెళ్లాను.

గురువారం పొద్దున చూస్తే చిన్న ముక్క కుడి చివరికి పోయి ఉంది. ధరణి పనే అనుకుని వీపు మీద ఒకటి వేశాను. నాలుగేళ్ల గుంటకి అంత ఎత్తు అందదని తర్వాత తోచింది. పాపం, బెల్లం ముక్క పెట్టి బుజ్జగించాను. ముక్కని మళ్లీ సందులో అంటించాను. సాయంత్రానికి మళ్లీ కుడి చివర. ఈసారి తలుపు చాటున కాపు కాశాను. మావ వచ్చాడు, అటూ ఇటూ చూశాడు, ముక్క పీకాడు.

"మావా, ఏటి సేత్తన్నావు?"

ఉలిక్కిపడ్డాడు. "ఆ సిన్నదాన్ని ఈ కొసకి పెట్టు. బాగుంటాది."

"ఏటి బాగుంటాది? గోడ ఒక పక్కకి ఒరిగిపోయినట్టుంది."

"నాను సెప్తన్నాను కదా. అక్కడ వద్దు."

ఆయన చొక్కా బొత్తాలే పైదొకటి కిందదొకటి పెట్టుకుంటాడు. ఆయన నాకు గోడ నేర్పడమేమిటి? నాకు ఒళ్లు మండింది. శుక్రవారం ఆయన టీ కొట్టుకి వెళ్లగానే మేకులు కొట్టి మూడు త్రిభుజాలూ నేననుకున్నట్టే తగిలించేశాను. తిరిగొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ముఖం పాలిపోయింది.

"ఎవులు సెప్పినారు నీకు?"

"ఎవులు సెప్పడమేటి? నా కళ్లకి బాగున్నాది, పెట్టినాను."

నమ్మలేదు. మా అత్త వైపు చూశాడు. "నాకేటి తెలుసు, సమోసాల సంగతి?" అందామె.

ఆ సాయంత్రం మా ఆయన వీడియో కాల్ చేశాడు. బోటు రేవుకొచ్చి రెండ్రోజులుంటుందట, తర్వాత మళ్లీ సముద్రం మీదికి. "గోడ సూడు బావా" అంటూ ఫోను తిప్పాను. మావ కుర్చీలోంచి లేచిన వేగం చూస్తే మోకాళ్ల నొప్పంతా నాటకమే అనిపించింది. వెళ్లి గోడకి వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"ఏటి నాన్నా, గోడకి కాపలా కాత్తన్నావు?"

"పెయింటు తడిగా ఉన్నాది," అన్నాడు మావ.

ఏడాది కిందటి పెయింటు. మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చాపిన ఆ చేతుల మధ్య నీలం త్రిభుజం కొన కనిపిస్తోంది. మా ఊరి సముద్రంలో కాస్త లోపలికి వెళ్లి వెనక్కి చూస్తే మహేంద్రగిరి కొండ అచ్చం అలాగే, అదే నీలంగా ఉంటుందని మా ఆయన ఎప్పుడో చెప్పాడు. ఫోను పెట్టేసి అరుగు మీదికి వెళ్లాను.

"మావా, అది మన రాయి గురుతే కదా?"

ఆయన చేతిలోంచి వల ముడి జారిపోయింది.

"ఫొటో తీసి ఆయనకి పంపడం నాకు నిమిషం పని. పంపను. నువ్వు సెప్పకుండా నాను పంపితే అది దొంగసొత్తు. గాని ఎల్లుండి ఆదివారం. రేపు నువ్వు నోరిప్పకపోతే నీ కొడుకు మళ్లీ పరాయోడి బోటెక్కుతాడు. రాయి నీతోనే పోతాది."

"ఆడు అడగనేదు."

"అడిగితే సెప్తావా?"

"అడగనోడికి ఎలాగ సెప్తాను?"

లోపలికి వచ్చేశాను. చాలా కోపంగా ఉంది, దానికంటే ఎక్కువ భయంగా ఉంది.

శనివారం పొద్దున మావ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని హాల్లోకి వచ్చాడు. వీధి తలుపు మూశాడు. కిటికీ కూడా మూశాడు.

"ఫోన్ సెయ్యి. గోడ సూపించు."

మా ఆయన ముఖం కనిపించగానే మావ గోడకి అడ్డంగా కాక పక్కకి నిలబడ్డాడు. "ఇది పెద్దకొండ. ఇది నడిమిది. ఈ సిన్నది ఇంత పైకి ఉండదు," అని ఇటుక రంగు త్రిభుజాన్ని మేకు మీద పట్టి రెండు వేళ్లు కిందికి దింపాడు. "దీని కొన పెద్దకొండ నడుం కాడ తగలాల. అప్పుడు ఆగాల. ఇనబడుతోందేట్రా?"

మా అత్త నలభై ఏళ్ల కాపురంలో వినని మాట అది. వినకూడదనుకుందో ఏమో, రెండు చెవులూ మూసుకుంది.

ఫోనులోంచి మా ఆయన మెల్లగా అన్నాడు.

"అటేపు బారువ లైట్‌హౌసు కొబ్బరితోట దాటి బయటపడాల. అంతేనా నాన్నా?"

మావ చెయ్యి త్రిభుజం మీదే ఉండిపోయింది. "ఆ రెండో గురుతు నీకెవులు సెప్పినారు?"

"ఎవులూ సెప్పనేదు. తెప్ప మీద నువ్వు తల దించుకుని వల సూడమనీవోడివి. నాను నీ మొకం సూసీవోడిని. నీ కళ్లు ఎటెల్తే అటు."

"ఎప్పటి మాటరా అది?"

"పన్నెండేళ్లప్పుడు."

"మరి తుఫాను ఏడాది ఇంట్లో తిండికి లేకపోతే ఆ రాయి మీదకి ఎందుకెల్లనేదురా? గుజరాతెందుకెల్లినావు?"

"నువ్వు సెప్పనేదు కదా నాన్నా."

మావ సోఫాలో కూలబడ్డాడు. పాడవుతుందని ఏడాదిగా ఆయన ఆ సోఫా మీద కూర్చోలేదు. భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. నాకూ ఆగలేదు. ఫోను ఎటు తిప్పానో, అవతల మా ఆయనకి గోడ కనిపించిందో సీలింగు కనిపించిందో తెలీదు. ఐదేళ్లు ఒకరి నోటి కోసం ఒకరు చూస్తూ కూర్చున్నారు ఇద్దరూ. తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు.

కాసేపటికి మావ తువ్వాలు తీసి ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు. "ఆ బోటు పెద్దకి రానని సెప్పీ. బేగి రా. తెప్పకి తారు పూయాల."

ఫోను పెట్టేశాక సుత్తి అడిగి తీసుకున్నాడు. చిన్న త్రిభుజాన్ని తీసి నాలుగంగుళాలు ఎడంవైపు జరిపి మేకు కొట్టాడు. మేకు కూడా వంకరగా కొట్టాడు.

"ఇంటికి నలుగురు ఒత్తారు," అన్నాడు.

వేసవిలో సముద్రం మీద వేటకి పెట్టే నిషేధం జూన్ నెలలో ఎత్తేశాక, మా తెప్ప మీద మా ఆయన వేట మొదలైంది. ఆగస్టు కూడా వచ్చింది, వెరావల్ వెళ్లేవాళ్లు పలాసలో రైలెక్కేశారు. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ గోడ చూసి, ఆ చిన్నది పక్కకి పోయిందమ్మా, సరిచేసుకో అంటారు. రేపు చేస్తాను, మెల్లగా మాట్లాడండి అంటాను. ఆ గోడ కిందే చాప మీద మా ఆయన తెల్లవారుజామున వేట చేసి వచ్చి పడుకుని ఉంటాడు.